మంచం పట్టిన వారికి దిక్కెవరు? దీర్ఘకాలిక సంరక్షణలో నర్సింగ్ నాయకత్వ చరిత్ర



గోదావరిఖనిలో గానీ, రామగుండంలో గానీ ఏ కార్మిక వాడకు వెళ్లినా బావి పని చేసి దిగిపోయిన పెద్దవారు కనిపిస్తారు. వారిలో కొందరు పొద్దున్నే చాయ్ హోటల్ దాకా నడిచి వెళ్లగలుగుతారు. కొందరికి నాలుగు అడుగులు వేస్తేనే ఆయాసం. మరికొందరు గుమ్మం దాటి ఏళ్లు గడిచాయి. పక్షవాతం వచ్చినవారు, వెన్నుపూస దెబ్బతిన్నవారు, మతిమరుపు ముదిరినవారు వీరు. ఈ మూడవ వర్గం వారి గురించే ఈ వ్యాసం.

నా ఉద్యోగ జీవితం తొలి రోజులలో నేను చూసిన ఒక రోగిని ఇప్పటికీ మరచిపోలేదు. గనిలో పైకప్పు రాయి పడి అతని నడుము విరిగింది. శస్త్రచికిత్స చక్కగా జరిగింది. కుట్లు విప్పి ఇంటికి పంపించాము. రెండు నెలల తరువాత అతనిని మళ్లీ తీసుకువచ్చారు. నడుము కింద అరచేయంత పుండు, దాని అడుగున ఎముక కనిపిస్తున్నది. అతను చనిపోయింది వెన్నుదెబ్బ వల్ల కాదు, ఆ పుండు నుండి రక్తంలోకి చేరిన సూక్ష్మక్రిముల వల్ల. అతని భార్య నన్ను అడిగిన మాట ఒకటే: "సారూ, రెండు గంటలకోపారి పక్కకు తిప్పాలని ఒక్కరన్న జెప్పలేదేంది?"

ఆ మాట చెప్పవలసిన వారిలో నేనూ ఒకడిని. ఆపరేషన్ ఎవరు చేయాలో మాకు స్పష్టంగా తెలుసు. మందులు ఎవరు ఇవ్వాలో తెలుసు. కానీ ఆ మనిషి మిగిలిన జీవితమంతా మంచం మీద గడపవలసి వస్తే, ఆ సంరక్షణకు ఎవరు బాధ్యులో మాలో ఎవరికీ తెలియదు. ఎందుకంటే ఆ బాధ్యతను ఎవరికీ అప్పగించలేదు. ఈ లోపం మన ఒక్క ప్రాంతానిది కాదు. ప్రపంచంలో ఇతరులు దీనిని ఎలా గుర్తించారో, ఎలా సరిదిద్దుకున్నారో చెప్పే చరిత్ర నూట అరవై ఏళ్లకు పైబడినది. దానిని క్రమంగా పరిశీలిద్దాం.

లివర్‌పూల్ పేదల ఆసుపత్రి

ఫ్లోరెన్స్ నైటింగేల్ పేరు వినగానే మనకు క్రిమియా యుద్ధం, చేతిలో దీపం గుర్తుకు వస్తాయి. ఆమె 1859లో ప్రచురించిన "నోట్స్ ఆన్ నర్సింగ్" గ్రంథంలో రోగి చుట్టూ ఉండే చిన్న చిన్న ఏర్పాట్ల నిర్వహణకు ఒక అధ్యాయమే కేటాయించారు. దాని సారాంశం ఇది: బాధ్యత గల నర్సు తాను దగ్గర ఉన్నప్పుడు చేసే పని, తాను లేనప్పుడు కూడా జరిగేలా ఏర్పాటు చేయాలి. అలా చేయలేకపోతే ఆమె ఎంత శ్రమించినా రోగికి రక్షణ లేదు. నర్సింగ్ నాయకత్వానికి ఇంతకంటే క్లుప్తమైన నిర్వచనం నేటికీ లేదని నా అభిప్రాయం.

ఈ సూత్రానికి అసలు పరీక్ష ఇంగ్లండులోని పేదల వర్క్‌హౌసులలో జరిగింది. అవి నేటి వృద్ధాశ్రమాలకూ, దీర్ఘకాలిక సంరక్షణ కేంద్రాలకూ పూర్వరూపాలు. దిక్కులేని వృద్ధులు, నయం కాని రోగులు అక్కడ ఏళ్ల తరబడి పడి ఉండేవారు. వారిని చూసుకునేది శిక్షణ లేని, అదే వర్క్‌హౌసులో తలదాచుకున్న పేద స్త్రీలు. లివర్‌పూల్ వర్తకుడు విలియం రాత్‌బోన్ ఈ స్థితిని మార్చడానికి సొంత ధనం ఇస్తానని ముందుకు వచ్చారు. 1865లో ఆగ్నెస్ జోన్స్ అనే శిక్షణ పొందిన నర్సు, మరో 12 మంది శిక్షిత నర్సులతో కలిసి బ్రౌన్‌లో హిల్ వర్క్‌హౌస్ ఆసుపత్రి బాధ్యత స్వీకరించారు. వెయ్యికి పైగా రోగులున్న చోట భోజనం, పరిశుభ్రత, రాత్రి కాపలా మొదలైన పనులన్నింటికీ ఆమె ఒక క్రమాన్ని ఏర్పరచారు. పేదల ఆసుపత్రిలో కూడా శిక్షణ గల సేవ సాధ్యమేనని నిరూపించారు.

కానీ 1868 ఫిబ్రవరిలో, 35 ఏళ్ల వయసులో, టైఫస్ జ్వరంతో ఆమె మరణించారు. ఆమె స్థానాన్ని నింపగల మనిషిని వెదకడం నిర్వాహకులకు చాలా కష్టమైంది. ఒక గొప్ప వ్యక్తి వస్తే వార్డు బాగుపడుతుంది. ఆ వ్యక్తి పోతే వార్డు పాతస్థితికి జారిపోతుంది. అందువల్ల నాయకులను వెదకడం చాలదు, తయారు చేయాలి. ఈ చరిత్రలో మనం నేర్చుకోవలసిన మొదటి పాఠం ఇది.

పుండుకు మందు ఏది?

అటువంటి పాత పేదల వార్డులలోనే 20వ శతాబ్దంలో మరొక మార్పు వచ్చింది. 1935లో లండన్ సమీపంలోని వెస్ట్ మిడిల్‌సెక్స్ ఆసుపత్రిలో డాక్టర్ మార్జరీ వారెన్ చేతికి ఏడు వందలకు పైగా దీర్ఘకాలిక రోగుల బాధ్యత వచ్చింది. "వీరికి ఇక చేయగలిగింది లేదు" అని వదిలివేసిన వారిని ఆమె ఒక్కొక్కరినీ పరీక్షించి, వర్గీకరించి, లేపి కూర్చోబెట్టి, నడిపించారు. చాలామంది ఇళ్లకు వెళ్లగలిగారు. మంచంలో ఉంచడమే కొన్నిసార్లు జబ్బుగా మారుతుందని ఆమె చూపించారు.

ఆ తరువాత డోరీన్ నార్టన్ అనే నర్సు, సహచరులతో కలిసి వృద్ధ రోగుల నర్సింగ్ సమస్యలపై పరిశోధించి 1962లో ప్రచురించారు. అప్పటివరకు పడకపుండ్లు రాకుండా రకరకాల నూనెలు, స్పిరిట్లు, లేపనాలు రుద్దడం ఆనవాయితీ. వాటికంటే రోగిని క్రమం తప్పకుండా పక్కకు తిప్పడమే పుండును ఆపుతుందని ఆమె అధ్యయనం తేల్చింది. ఎవరికి పుండు వచ్చే ప్రమాదం ఉన్నదో ముందుగానే గుర్తించడానికి ఐదు అంశాల కొలమానాన్ని కూడా రూపొందించారు. శరీర స్థితి, మానసిక స్థితి, లేచి తిరగగలగడం, మంచంలో కదలగలగడం, మలమూత్రాలపై అదుపు అనేవి ఆ ఐదు. ఒక్కొక్కదానికి 1 నుండి 4 మార్కులు, మొత్తం 20. మొత్తం 14 లేదా అంతకంటే తక్కువ వస్తే ప్రమాదం ఉన్నట్లు.

దీనిలో ఖరీదైన యంత్రం ఏదీ లేదు. కావలసింది చూసే కన్ను, రాసే అలవాటు, రాత్రి రెండు గంటలకు కూడా రోగిని తిప్పే మనిషి. ఆ మనిషి ఉండేలా, ఆ పని జరిగేలా చూసేది నర్సింగ్ అధిపతి. నా రోగి భార్య అడిగిన ప్రశ్నకు సమాధానం 1962 నాటికే ముద్రణలో ఉన్నదన్నమాట.

అధిపతి బలహీనమైతే

జ్ఞానం పుస్తకంలో ఉన్నంత మాత్రాన వార్డులోకి రాదు. వేల్స్ దేశంలోని కార్డిఫ్‌లో ఈలీ ఆసుపత్రి అనే దీర్ఘకాలిక కేంద్రం ఉండేది. అక్కడ రోగులపై జరిగిన దుష్ప్రవర్తనపై విచారణ నివేదిక 1969లో వెలువడింది. కొందరు సిబ్బంది క్రూరత్వంతో పాటు, నర్సింగ్ నాయకత్వపు బలహీనతను, శిక్షణ లోపాన్ని, బయటి ప్రపంచంతో సంబంధం లేని ఒంటరితనాన్ని ఆ నివేదిక ఎత్తిచూపింది. చెడ్డ మనుషుల వల్ల మాత్రమే ఇలా జరగదు. అడిగేవారు లేనిచోట మంచి మనుషులు కూడా మొద్దుబారిపోతారు. అంతకు మూడేళ్ల ముందే, 1966లో, సాల్మన్ కమిటీ సీనియర్ నర్సులకు నిర్వహణలో ప్రత్యేక శిక్షణ అవసరమని సిఫారసు చేసింది.

అమెరికాలో 1987లో వచ్చిన నర్సింగ్ హోముల సంస్కరణ చట్టంతో రోగుల హక్కులు, సిబ్బంది నియమాలు బలపడ్డాయి. సహాయకులకు కనీసం 75 గంటల శిక్షణ తప్పనిసరి అయింది. ప్రతి కేంద్రంలోనూ పూర్తికాలపు నర్సింగ్ డైరెక్టరుగా రిజిస్టర్డ్ నర్సు ఉండాలి. కానీ ఇక్కడ ఒక వైచిత్రి గమనించండి. అక్కడ నర్సింగ్ హోము అడ్మినిస్ట్రేటరుకు లైసెన్సు కావాలి. నర్సింగ్ డైరెక్టరుకు మాత్రం కేంద్ర నియమాల ప్రకారం నర్సు రిజిస్ట్రేషన్ చాలు. నాయకత్వ శిక్షణ తప్పనిసరి కాదు. వార్డులో చక్కగా పనిచేసే నర్సును ఒక ఉదయాన కుర్చీలో కూర్చోబెట్టి, నూరు మంది రోగుల బాధ్యత, డ్యూటీ చార్టు, తనిఖీలు, కుటుంబాల ఫిర్యాదులు అన్నీ ఆమె ముందు పెడతారు. ఆ లోటును పూరించుకోవడానికి ఆ డైరెక్టర్లు 1980లలో తమకంటూ జాతీయ సంఘం ఏర్పరచుకుని, ఒకరికొకరు నేర్పుకోవడం మొదలుపెట్టారు. సంపన్న దేశంలో కూడా ఈ శిక్షణ తనంతట తాను రాలేదు, అడిగి సాధించుకోవలసి వచ్చింది.

బొగ్గు ప్రాంతాల అనుభవం

మన ప్రాంతానికి మరింత దగ్గరి ఉదాహరణ అమెరికా బొగ్గుగనులదే. 1946లో సమ్మె సందర్భంగా ప్రభుత్వం గనులను స్వాధీనం చేసుకున్నప్పుడు, గని కార్మికుల సంఘంతో ఒక ఒప్పందం కుదిరింది. తవ్విన ప్రతి టన్నుకు 5 సెంట్ల చొప్పున సంక్షేమ నిధికి జమ చేయాలన్నది అందులో ఒక అంశం. ఆ నిధి వైద్యులు కొండప్రాంతాలలోని గుడిసెలకు వెళ్లి చూసినప్పుడు, పైకప్పు కూలి నడుములు విరిగి, ఏళ్ల తరబడి పుండ్లతో మంచాన పడి ఉన్న కార్మికులు బయటపడ్డారు. వారిని స్ట్రెచర్ల మీద రైళ్లలో కాలిఫోర్నియా, న్యూయార్క్ పునరావాస కేంద్రాలకు తరలించారు. ఎందరో చక్రాల కుర్చీలో కూర్చొని, కొందరు ఊతకర్రలతో నడిచి తిరిగి వచ్చారు.

అదే నిధి 1956 నాటికి కెంటకీ, వర్జీనియా, వెస్ట్ వర్జీనియా రాష్ట్రాలలో పది ఆసుపత్రులు నెలకొల్పింది. అయితే బొగ్గు ఆదాయం తగ్గగానే 1960లలో అవి ఇతరుల చేతికి మారాయి. బొగ్గుపై ఆధారపడిన సంక్షేమం బొగ్గుతో పాటే తరిగిపోతుంది. నేర్చుకున్న మనుషులు మాత్రం మిగులుతారు.

మన దేశంలో

మన దేశంలో నర్సుల శిక్షణ 1871లో మద్రాసు జనరల్ ఆసుపత్రిలో ఒక రూపం దిద్దుకుంది. 1905లో లక్నోలో ఏర్పడిన సంఘం పేరు గమనించదగినది: నర్సింగ్ సూపరింటెండెంట్ల సంఘం. అంటే ఈ దేశంలో నర్సులందరి సంఘం కంటే ముందే నర్సింగ్ అధిపతుల సంఘం పుట్టింది. 1908లో శిక్షిత నర్సుల సంఘం వచ్చింది, తరువాత రెండూ కలిసిపోయాయి. 1946లో భోర్ కమిటీ లెక్క ప్రకారం దేశంలో 43,000 మందికి ఒక నర్సు ఉండేది. అదే ఏడాది ఢిల్లీలోనూ, వేలూరులోనూ నర్సింగ్ డిగ్రీ చదువు మొదలైంది. 1947లో ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ చట్టం వచ్చింది. 2023లో దాని స్థానంలో జాతీయ నర్సింగ్, మంత్రసాని కమిషన్ చట్టం చేశారు.

దీర్ఘకాలిక సంరక్షణ కూడా మన నేలకు కొత్త కాదు. నిజాం రాష్ట్రంలో నిజామాబాద్ దగ్గర డిచ్‌పల్లిలో డాక్టర్ ఇసబెల్ కెర్ 1915 నాటికి కుష్ఠు రోగుల ఆసుపత్రిని నెలకొల్పారు. దానికి భూరి విరాళం ఇచ్చినవారు నర్సా గౌడ్ అనే స్థానిక దాత. రోగులు నెలలు, ఏళ్లు అక్కడే నివసించేవారు. పుండ్లు కడగడం, కట్లు కట్టడం, వేలు పోయిన చేతితో పని నేర్పడం అక్కడి దినచర్య. మన జిల్లాలలో "ఇంటికి పంపలేని రోగి" బాధ్యతను ఒక సంస్థ స్వీకరించిన తొలి ఉదాహరణలలో ఇది ఒకటి.

ఇటీవలి ఉదాహరణ కేరళది. 2008లో ఆ రాష్ట్రం పాలియేటివ్ సంరక్షణ విధానాన్ని ప్రకటించింది. పంచాయతీ స్థాయిలో శిక్షణ పొందిన నర్సు మంచం పట్టిన రోగుల ఇళ్లకు వెళ్లడం దాని మూలస్తంభం. తెలంగాణలోనూ పాలియేటివ్ కేంద్రాలు, ఇంటికి వచ్చి సేవలందించే "ఆలన" వాహనాలు ప్రారంభమయ్యాయి. ఈ రెండుచోట్లా రోగి ఇంటి తలుపు తట్టేది ప్రధానంగా నర్సే.

సింగరేణి లెక్క

ఇప్పుడు మన బొగ్గు ప్రాంతానికి వద్దాం. 1871లో డాక్టర్ విలియం కింగ్ ఇల్లెందు పరిసరాలలో బొగ్గును గుర్తించారు. 1889లో తవ్వకం మొదలైంది. 1920 డిసెంబరు 23న సింగరేణి కాలరీస్ కంపెనీ పేరు వచ్చింది. 1960ల ఆరంభంలో గోదావరి ఒడ్డున కొత్త గనులు తెరుచుకుని, ఆ నది పేరే ఊరి పేరయింది. కంపెనీతో పాటు ఆసుపత్రులూ పెరిగాయి. కొత్తగూడెంలో ప్రధాన ఆసుపత్రి, గోదావరిఖని వంటి చోట్ల ఏరియా ఆసుపత్రులు వచ్చాయి. 2022లో రామగుండంలో వైద్య కళాశాల కూడా ప్రారంభమైంది.

ఈ ఆసుపత్రులను ఎవరి కోసం నిర్మించారు? యువ కార్మికుల కోసం. ప్రమాదాలు, కాన్పులు, జ్వరాలు, ఐదేళ్లకొకసారి జరిగే ఆరోగ్య పరీక్షలు వాటి ప్రధాన విధులు. అది ఆనాటికి న్యాయమే. కానీ 1990ల ఆరంభంలో లక్షకు పైబడి ఉన్న కార్మికుల సంఖ్య నేడు దాదాపు నలభై వేలకు తగ్గింది. ఆనాడు తట్ట, చెమ్మస్ పట్టి టబ్బులు నింపిన ముప్పై, నలభై ఏళ్ల ఫిల్లర్లకు ఇప్పుడు అరవై, డెబ్బై దాటాయి. క్వార్టరు ఖాళీ చేశారు. పిల్లలు కొందరు హైదరాబాదులో, కొందరు విదేశాలలో ఉన్నారు. ఇంట్లో మిగిలింది మోకాళ్ల నొప్పులతో ఉన్న భార్య. ఎనభై కిలోల మనిషిని ఆమె ఎలా పక్కకు తిప్పగలదు?

2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్ఈపీ గనిలో నీరు ముంచెత్తి 17 మంది చనిపోయారు. ఆ రోజును మనం గుర్తుంచుకుంటాము, గుర్తుంచుకోవాలి కూడా. కానీ ప్రమాదాలలో బతికి బయటపడి, మంచానికే పరిమితమైన వారికి సంస్మరణ దినం లేదు. బొగ్గు ధూళి వల్ల కలిగే ఊపిరితిత్తుల జబ్బుతో ఆక్సిజన్ సిలిండరు పక్కన రాత్రుళ్లు కూర్చొని గడిపేవారికీ లేదు. పదవీ విరమణ తరువాతి వైద్య పథకాలు ప్రధానంగా ఆసుపత్రి చికిత్స ఖర్చును దృష్టిలో పెట్టుకుని రూపొందాయి. 2007 నాటి తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ చట్టం ప్రతి జిల్లాలో కనీసం 150 మంది నిరుపేద వృద్ధులకు ఆశ్రమం ఏర్పాటు చేయడం గురించి చెబుతుంది. పడకల సంఖ్య చట్టంలో ఉన్నది. కానీ రాత్రి ఆ పడకల మధ్య నడిచే మనిషికి ఎవరు నేర్పాలన్న ప్రశ్న మిగిలే ఉన్నది.

శిక్షణలో ఏముండాలి?

మన ప్రాంతంలో ఆశ్రమాలు, సంరక్షణ కేంద్రాలు ఇకముందు తప్పక పెరుగుతాయి. వాటికి నర్సింగ్ అధిపతులుగా రాగలవారు మన ఆసుపత్రులలోనే ఉన్నారు. ఇరవై, ముప్పై ఏళ్లు వార్డులు నడిపి, పదవీ విరమణకు దగ్గరైన సిస్టర్లు వారు. వారికి రోగి తెలుసు, ఊరు తెలుసు, భాష తెలుసు. నేర్పవలసినవి నాకు తోచినంతవరకు ఇవి.

మొదటిది, లెక్కించడం. ఈ నెల ఎందరికి కొత్తగా పడకపుండ్లు వచ్చాయి, ఎందరు పడిపోయారు, ఎందరు బరువు తగ్గారు అన్నది ప్రతి నెలా రాయాలి. రాయని పుండు ఎవరి బాధ్యతా కాకుండా పోతుంది.

రెండవది, రాత్రి డ్యూటీ. పగటి వార్డును చూసి సంరక్షణను అంచనా వేయకూడదు. తాను ఇంట్లో నిద్రించే వేళ కూడా పని జరిగే ఏర్పాటు చేయడమే నైటింగేల్ చెప్పిన నాయకత్వం.

మూడవది, ఆయాలకు, వార్డు బాయ్‌లకు నేర్పడం. రోగిని ఎక్కువసేపు తాకేది వారి చేతులే. మందలిస్తే వారు పుండును దాచిపెడతారు, నేర్పితే ముందే చూపిస్తారు.

నాలుగవది, డాక్టరుతో, యాజమాన్యంతో ధైర్యంగా మాట్లాడటం. "ఈ మందుతో ఈయన మత్తుగా పడి ఉంటున్నారు", "రాత్రికి ఇద్దరు చాలరు" అని చెప్పగలగాలి. ఆ మాటకు విలువ ఉండాలంటే ఆమెకు హోదా, అధికారం రాతపూర్వకంగా ఇవ్వాలి. అధికారం లేని బాధ్యత శిక్షతో సమానం.

ఐదవది, కుటుంబంతో మాట్లాడటం. ముఖ్యంగా చివరి దశలో ఏది చేయాలి, ఏది మానుకోవాలి అన్న సంభాషణ నేర్చుకుంటేనే వస్తుంది.

కుటుంబాలకు సూచనలు

మీ పెద్దవారిని ఏదైనా కేంద్రంలో చేర్చే ముందు గోడల రంగు, టీవీ కాకుండా ఈ విషయాలు అడగండి. ఇక్కడ నర్సింగ్ బాధ్యత ఎవరిది, ఆమె శిక్షణ ఏమిటి? రాత్రి ఎందరుంటారు? రోగిని తిప్పిన వేళలు రాసే కాగితం ఉన్నదా? ప్రస్తుతం ఎందరికి పడకపుండ్లు ఉన్నాయి? ఈ చివరి ప్రశ్నకు తడుముకోకుండా సంఖ్య చెప్పగలిగితే ఆ చోటు నమ్మదగినది. "మా దగ్గర అసలు రావు" అంటే మరొకసారి ఆలోచించండి.

ఇంట్లోనే చూసుకునేవారు సాధారణంగా రెండు గంటలకోసారి పక్క మార్చండి. మడమలు పరుపుకు ఆనకుండా పిక్కల కింద దిండు పెట్టండి. ఎర్రబడిన చోట రుద్దవద్దు. ట్యూబు వంటి గుండ్రని దిండ్లు వాడవద్దు. పక్క తడిగా ఉంచవద్దు. గుడ్లు, పప్పు, పాలు వంటి మాంసకృత్తులు గల ఆహారం ఇవ్వండి. కిడ్నీ జబ్బు ఉన్నవారు మాత్రం డాక్టరును అడిగి ఇవ్వాలి. నొక్కితే తెల్లబడని ఎరుపు కనిపిస్తే అది పుండుకు మొదటి మెట్టు. అప్పుడే నర్సుకు గానీ డాక్టరుకు గానీ చూపించండి.

ఆగ్నెస్ జోన్స్ మూడేళ్లలో చేసి చూపించినది, డోరీన్ నార్టన్ లెక్కకట్టి నిరూపించినది మన సిస్టర్లకు అసాధ్యమేమీ కాదు. వారికి ఆ చదువు, ఆ కుర్చీ ఇవ్వాలని కార్మిక సంఘాలు, విశ్రాంత ఉద్యోగుల సంఘాలు తమ కోర్కెల పత్రాలలో ఒక పంక్తి చేర్చితే బాగుంటుంది. నన్ను ప్రశ్నించిన ఆ తల్లికి నేను అప్పుడు సమాధానం చెప్పలేకపోయాను. మరొక తల్లికి ఆ ప్రశ్న అడిగే అవసరం రాకూడదనే ఈ నాలుగు మాటలు రాశాను.